సీఈసీ చదివి ప్లీడరు కావచ్చా?

ప్రశ్న: పలమనేరులో ఇంటర్ సెకండియర్ సీఈసీ చదువుతున్నాను. ఫస్టియర్‌లో 500కు 372 వచ్చాయి. మేము బీసీలం. మా నాన్నకు నాలుగు ఆవులున్నాయి, డెయిరీకి పాలు పోస్తాడు. నాకు లా చదవాలని ఉంది. కామర్స్ వాళ్లకు లా సీటు రాదని, ముందు బీకాం చేసి ఆ తర్వాతే ఆ మాట ఎత్తమని మా మామ అంటున్నాడు. లా ప్రవేశ పరీక్షల్లో క్లాట్ రాయాలో లాసెట్ రాయాలో తెలియడం లేదు. పేరుకు ఇంగ్లిష్ మీడియమే గానీ ఇంగ్లిష్ పేపరు చదవాలంటే భయం. తిరుపతిలో ఒకాయన డబ్బు కడితే సీటు ఇప్పిస్తానని, క్లాసులకు కూడా పోనక్కర్లేదని మామతో చెప్పాడంట. ఇంకో సంగతి, ఎనిమిదో తరగతి వరకు కర్ణాటకలోని ముళబాగిలులో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివాను. దానివల్ల ఇక్కడ నాన్‌లోకల్ అయిపోతానా? లా చదివితే నిజంగా బతుకుతెరువు ఉంటుందా అని నాన్న అడుగుతున్నాడు.
- ఒక విద్యార్థిని, పలమనేరు

జవాబు: అమ్మా, మీ మామ మాట సగం కూడా నిజం కాదు. లా కోర్సుల్లో ప్రవేశాలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం జరుగుతాయి. ఆ నియమాలు ప్లస్ టూలో ఏ గ్రూపు తీసుకున్నావని అడగవు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఏదైనా ఒకటే. అడిగేది మొత్తం మార్కుల శాతం. లాసెట్‌కు ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. ఇంటర్ మొత్తం వెయ్యి మార్కులు గనక నీకు కావలసింది 420. ఫస్టియర్‌లోనే 372 తెచ్చుకున్నావు. సెకండియర్‌లో అయిదు సబ్జెక్టులూ అత్తెసరు మార్కులతో, అంటే 35 చొప్పున పాసైనా 547 అవుతుంది. అర్హత గురించి ఇక ఆలోచించాల్సిన పని లేదు. ఈ జవాబు చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక: 41.9ని 42గా లెక్కగడతారన్న ఆశ మీద ఉండొద్దు. అంచున ఉన్నవాళ్లు సెకండియర్‌తో పాటు ఫస్టియర్ ఇంప్రూవ్‌మెంటు కూడా రాసుకోవాలి.

పైగా సీఈసీ నీకు అడ్డం కాదు, లా వైపు పోయేవాళ్లకు ఇంటర్‌లో దానికంటే దగ్గరి గ్రూపు లేదు. ఒక్కసారి నీ పుస్తకాలు తిరగేసి చూడు. ఫస్టియర్ సివిక్స్‌లో చట్టం, స్వేచ్ఛ, సమానత్వం, హక్కులు. సెకండియర్ సివిక్స్‌లో భారత రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, న్యాయవ్యవస్థ. లాసెట్‌లో న్యాయశాస్త్ర అభిరుచి అనే భాగంలో రాజ్యాంగం మీద వచ్చే ప్రశ్నలకు పునాది ఇదే. ఇక కామర్స్‌లో భాగస్వామ్యం గురించి చదువుతావే, అది 1932 నాటి భాగస్వామ్య చట్టం. కంపెనీ సంస్థాపన పత్రం, నియమావళి అని చదివేది 2013 కంపెనీల చట్టం. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు, గరిష్ఠంగా 200 మంది సభ్యులు, పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు అని బట్టీ పట్టింది కూడా సెక్షనే. నీకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కనబడినవి కోర్టులో దావాలవుతాయి, అంతే తేడా.

చెక్కునే తీసుకో. చెక్కు రాసేవాడెవడు, చెల్లించే బ్యాంకు ఏది, ఎవరికి ముడుతుంది అన్నంతవరకు నీకు తెలుసు. దాన్ని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను ఎక్కడికి తీసుకుపోతుందో చూడు. పాల వ్యాపారి ఒకడు దాణా బాకీ కింద లక్ష రూపాయల చెక్కిచ్చాడు, ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చింది. బ్యాంకు నుంచి ఆ కబురందిన 30 రోజుల్లోపు దాణా కొట్టాయన రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసు 31వ రోజున పంపితే ఆ నోటీసు పనికిరాదు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల గడువు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొస్తే, అప్పుడు లెక్క మొదటినుంచి పెట్టుకోవాలి. చిత్తూరు, తిరుపతి, ఏ కోర్టు వరండాలో నిలబడినా వాయిదాలకు వచ్చినవాళ్లలో చెక్కు కేసులవాళ్లు కొందరు ఉండే ఉంటారు. ఖాతా పుస్తకం చదవగలిగిన జూనియర్‌కు, అది చూస్తేనే తలనొప్పి వచ్చే జూనియర్‌కు తేడా సీనియర్ లాయరుకు వారం రోజుల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు నిర్ణయం. ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సా, లేక బీకాం మూడేళ్లు, ఆపైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీనా? మీ మామ చెప్పిన దారిలో ఆరేళ్లు, మొదటి దారిలో ఐదేళ్లు. ఒక ఏడాది ఆదా అని అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఐదేళ్ల కోర్సు మధ్యలో ఆపితే చేతిలో ఏమీ ఉండదు. మూడేళ్లు చదివాను గనక బీఏ పట్టా ఇచ్చేయండి అంటే ఇవ్వరు. మధ్యలో చేరడం, మధ్యలో పట్టా తీసుకుని బయటపడడం రెండింటినీ బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అందుకని ఐదేళ్ల కోర్సు ఎవరికంటే, ఇంట్లో ఐదేళ్లూ చదివించగలిగి, పిల్ల లాయరే కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకు. రెండేళ్లలో పెళ్లి సంబంధాలు చూస్తారనో, మూడో ఏటికి ఉద్యోగం వెతకాల్సి వస్తుందనో అనుమానం ఉంటే బీకాం చేసి, పట్టా చేతబట్టుకుని, అప్పుడు లాసెట్ రాయడమే మేలు. ఈ మాట మీ నాన్నతో దాచకుండా మాట్లాడు. ఆయన ఐదేళ్లకు సరేనంటే మా సలహా ఐదేళ్ల కోర్సే. బీకాంలో మళ్లీ చదివే సరుకులో సగం నీకు ఇప్పటికే తెలుసు.

బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ అని ఐదేళ్ల కోర్సులు రకరకాలు. ప్లీడరు కావడానికి మూడూ సమానమే, ఎన్‌రోల్‌మెంట్ దగ్గర, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదు చేయించుకునేటప్పుడు, ఎవరూ తేడా చూపరు. కామర్స్ చదివాను గనక బీకాం ఎల్‌ఎల్‌బీ మాత్రమే అని పట్టుబట్టి మంచి కాలేజీలో బీఏ ఎల్‌ఎల్‌బీ సీటు వదులుకోవద్దు.

పరీక్షల సంగతి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్. మన రాష్ట్రంలో సబ్బవరం దగ్గరున్న దామోదరం సంజీవయ్య, హైదరాబాదు శామీర్‌పేటలో నల్సార్, బెంగళూరులో నేషనల్ లా స్కూల్ ఈ పరీక్షతోనే పిల్లల్ని తీసుకుంటాయి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వేరుగా ఐలెట్ అనే పరీక్ష పెడుతుంది. రాష్ట్రంలోని మిగతా లా కాలేజీలకు ఏపీ లాసెట్. దీన్ని ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. 2021, 2022, 2025లో తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయమే నిర్వహించింది.

ఈ రెండు పరీక్షలూ ఒకే తూకానివి కావు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంటుంది. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. అర్హత మార్కు 42. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. క్లాట్‌లోనూ 120 ప్రశ్నలే, సమయం రెండు గంటలు. కానీ మొత్తం ఇంగ్లిష్. ఒక్కో గద్యభాగం 450 పదాల దాకా ఉంటుంది, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. తప్పుకు పావు మార్కు పోతుంది. లాసెట్‌లో కూర్చుని జ్ఞాపకం తెచ్చుకోవాలి, క్లాట్‌లో చదివి తేల్చుకోవాలి. కామర్స్ పిల్లలు భయపడే గణితం క్లాట్‌లో పది శాతమే. శాతాలు, నిష్పత్తులు, సగటులు, లాభనష్టాలు, అదీ పదో తరగతి స్థాయి. నువ్వు జర్నల్ పద్దులు రాసే చేత్తో అవి చేయగలవు.

నీ ఇంగ్లిష్ క్లాట్‌కు సరిపోతుందా లేదా అన్నది మేము చెప్పలేం, నువ్వే రేపు పొద్దున తేల్చుకోవచ్చు. ఏదైనా ఇంగ్లిష్ దినపత్రికలో సంపాదకీయం తీసుకో. ఫోనులో నాలుగు నిమిషాలు అలారం పెట్టి చదువు. అలారం మోగగానే పేపరు మూసేసి, రాసినాయన ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎవరి మాట కాదంటున్నాడు అన్నది తెలుగులో నాలుగు వాక్యాలు రాయి. తర్వాత పేపరు తీసి పోల్చి చూడు. పదం పదానికీ అర్థం తెలియకపోయినా పర్లేదు, వాదం దొరికిందా లేదా అన్నదే లెక్క. పది సంపాదకీయాల్లో ఆరేడు దొరికితే క్లాట్‌కు దరఖాస్తు పెట్టు. రెండు మూడే దొరికితే ఈ ఏడాది ఆ నాలుగు వేలు మిగుల్చుకో. క్లాట్ దరఖాస్తు రుసుము బీసీలకు కూడా 4,000 రూపాయలే. లాసెట్‌కు 2025లో బీసీలకు 850. అన్నట్టు క్లాట్‌లో బీసీలకు శాతం సడలింపు కూడా లేదు, 45 ఉండాలి. నీకు అది ఇబ్బంది కాదులే.

క్లాట్ ఈ మధ్య ఏటా డిసెంబరు మొదటి ఆదివారం జరుగుతోంది. అంటే నువ్వు సెకండియర్‌లో ఉండగానే రాయాలి. దరఖాస్తులు దసరా దీపావళి నాటికి ముగింపుకొస్తాయి. ఇంటర్ అయ్యాక చూద్దాంలే అనుకుని ప్రతి ఏడాదీ ఎంతోమంది ఇక్కడే ఏడాది పోగొట్టుకుంటున్నారు. లాసెట్ మాత్రం ఇంటర్ పరీక్షలయ్యాకే. 2023లో మే 20న, 2024లో జూన్ 9న, 2025లో జూన్ 5న జరిగింది. క్లాట్ కోసమని ఏడాదంతా ఖాళీగా కూర్చుని లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకోవడం నీ ఇంటి పరిస్థితికి తగదని మా అభిప్రాయం. జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్షల్లో ఉంటుంది. మంచి ర్యాంకు వచ్చి, అప్పు తీసుకుని చదివినా తీర్చగలిగే చోటు దొరికితేనే ఆ బరువు ఎత్తుకోవాలి.

క్లాట్‌లో పావు మార్కు కోత గురించి కామర్స్ పిల్ల గనక లెక్కే చెప్తాం. నాలుగు తప్పులు ఒక సరైన జవాబును మింగేస్తాయి. ఏమీ తెలియకుండా నాలుగింటిలో ఒకటి గుడ్డిగా పెడితే నాలుగుసార్లకు ఒకసారి తగిలి ఒక మార్కు వస్తుంది, మూడుసార్లు పోయి ముప్పావు మార్కు పోతుంది. మిగిలేది పావు. దానికోసం సమయం ఖర్చుపెట్టడం దండగ. నాలుగింటిలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మాత్రం వదలొద్దు. లాసెట్‌లో ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అక్కడ ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా తప్పు నీదే. చివరి మూడు నిమిషాలు మిగిలినవన్నీ నింపడానికే పెట్టుకో.

న్యాయశాస్త్ర అభిరుచిలో పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో ఒక ప్రశ్నతో చూపిస్తాం. సూత్రం: పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. సంగతి: పదిహేడేళ్ల కుర్రాడు తిరుపతి గాంధీ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ షాపుకు పోయి, తనకు పంతొమ్మిదేళ్లని చెప్పి, 20,000 రూపాయల ఫోను అప్పుగా తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడు. రెండు వాయిదాలు కట్టి మానేశాడు. ప్రోనోటు మీద డబ్బు రాబట్టుకోవడానికి షాపతను దావా వేశాడు. గెలుస్తాడా? పదిమందిలో ఏడెనిమిది మంది, 'వయసు అబద్ధం చెప్పి మోసం చేశాడు, కాబట్టి కట్టాల్సిందే' అన్న జవాబు పెడతారు. ఎందుకంటే అది న్యాయంగా అనిపిస్తుంది. కానీ ప్రశ్నలో ఇచ్చిన సూత్రంలో అబద్ధం ఆడితే మినహాయింపు అన్న మాట లేదు. లేని మాటను మనం తెచ్చి కలిపాం. జవాబు: ఒప్పందం చెల్లదు, దావా నిలబడదు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదని తేల్చింది. లాసెట్‌లో ఈ కేసు పేరే నేరుగా అడగవచ్చు. ఫోను తిరిగిచ్చేయమని కోర్టు అనవచ్చా అన్నది వేరే సెక్షను, వేరే కథ. కాలేజీలో చదువుకుంటావు. ఇప్పటికి నేర్చుకోవాల్సింది ఒక్కటే: నీకు తోచిన న్యాయం పక్కనపెట్టి, ఇచ్చిన సూత్రం ఎంతవరకు చెప్పిందో అంతవరకే పోవడం.

పుస్తకాల దగ్గర ఒక జాగ్రత్త. సెకండ్ హ్యాండులో దొరికే పాత లాసెట్ గైడు కొనొద్దు. 2024 జూలై 1 నుంచి మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం. పాత గైడులో హత్యకు శిక్ష 302 అని ఉంటుంది, ఇప్పుడది 103. మోసం 420 కాదు, 318. ఊళ్లో ఫోర్‌ట్వంటీ అనే తిట్టు మాత్రం మారదనుకో. పాత, కొత్త సెక్షన్లు పక్కపక్కన రాసుకున్న ఒక పేజీ నీ దగ్గర ఉండాలి. ముఖ్యమైనవి ముప్పై రాసుకుంటే సరిపోతుంది. రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అధికరణలు 12 నుంచి 35 వరకు, 32, 226 కింద రిట్లు అయిదు, 36 నుంచి 51ఏ వరకు రోజుకు రెండు పేజీలు చదువు. కాంట్రాక్టు చట్టం 1872 మొదటి ముప్పై సెక్షన్లు ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉన్నాయి, అవి ఇంగ్లిష్‌లోనే చదువు. అదే నీ ఇంగ్లిష్ సాధన కూడా. కరెంట్ అఫైర్స్‌కు గైడు వద్దు. ఒక నోటుబుక్కులో నెలకు నాలుగు పేజీలు, తెలుగు పేపరు నుంచే, సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, నియామకాలు, అవార్డులు, క్రీడలు. ఇంటర్ చదువు ఆగకుండా రోజుకు గంట సరిపోతుంది. పరీక్షలు రాసేశాక లాసెట్ దాకా ఉన్న వారాల్లో పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయి.

దరఖాస్తు దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే గానీ ఖరీదైనవి. నెట్ సెంటరువాళ్లు తొందరలో ఐదేళ్ల కోర్సు బదులు మూడేళ్ల కోర్సు నొక్కేస్తారు. ఫోన్ నంబరు అడిగితే వాళ్లదే వేసేస్తారు. కౌన్సెలింగ్ నాడు ఓటీపీ ఆ నంబరుకు పోతుంది. నీ నంబరో మీ నాన్న నంబరో వేయించి, కోర్సు పేరు నువ్వే కళ్లతో చూసుకుని, అప్పుడు డబ్బు కట్టు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ నెలలోనే సరిచూసుకో. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి ఇప్పుడు తీరిక ఉంది, జూన్‌లో ఉండదు.

ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్ ఆలస్యమవుతుంది. తరగతులు మొదలయ్యేసరికి దసరా రావడం కొత్తేమీ కాదు. ఈ ఎడంలో డిగ్రీ ప్రవేశాలు అయిపోతాయి. ఎందుకైనా మంచిదని పిల్లలు బీకాంలో చేరతారు, అక్కడ టీసీ, మెమోలు ఇచ్చేస్తారు. లా సీటొచ్చాక తిరిగి అడిగితే మూడేళ్ల ఫీజు కట్టి తీసుకుపొమ్మనే కాలేజీలున్నాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది, ఆ మాట ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా గుర్తుచేయవచ్చు. అంతకంటే మంచిది, చేరేముందే లాసెట్ సంగతి చెప్పి, సర్కారు కాలేజీలో చేరడం. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆధార్‌తో ముడిపడి ఉంటుంది గనక బీకాంలో పేరు తీయించుకున్నాకే లా కాలేజీలో నమోదు కావాలి. రెండు చోట్లా పేరుంటే డబ్బు ఎక్కడికీ రాదు. వెబ్ ఆప్షన్లలో రెండు కాలేజీలు పెట్టి ఊరుకోవద్దు. తిరుపతి, చిత్తూరు, నెల్లూరు, కడప, అనంతపురం, చేరగలిగినవన్నీ ఇష్టం వరుసలో పెట్టు. సీటు కేటాయించాక గడువులోపు ఫీజు కట్టి రిపోర్టు చేయకపోతే అది పోతుంది.

తిరుపతి ఆయన సంగతి. అమ్మా, ఆయనకు రూపాయి కూడా ఇవ్వొద్దని మీ మామకు చెప్పు. కన్వీనరు సీట్లు ర్యాంకు ప్రకారం కంప్యూటరు ఇస్తుంది, ఎవరూ ఇప్పించరు. ఆయన ఇప్పించగలిగేది మేనేజ్‌మెంటు సీటు. దానికి రీయింబర్స్‌మెంటు రాదు, పైగా ర్యాంకుతో నీకు రావలసినదాన్ని కొనుక్కున్నట్టవుతుంది. క్లాసులకు పోనక్కర్లేదన్న మాట ఇంకా ప్రమాదం. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఒక్కో సబ్జెక్టుకు 70 శాతం హాజరు ఉండాలి. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీ ప్రాక్టీసుకు పనికిరాదు. హాజరు, వేరే కోర్సు ఏకకాలంలో చదవలేదన్న ధ్రువీకరణ వంటివి 2024 నుంచి బార్ కౌన్సిల్ మరింత గట్టిగా అడుగుతోంది. కాలేజీ ఏదైనా చేరేముందు ఆ విద్యాసంవత్సరానికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా అని కాగితం చూపించమను. అనుమతి లేని ఏడాది చేరితే ఐదేళ్ల తర్వాత ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతావు. అప్పటికి ఆ మధ్యవర్తి ఫోను ఎత్తడు.

మీ నాన్న ప్రశ్నకు తియ్యగా జవాబు చెప్పడం మాకు ఇష్టం లేదు. పట్టా రాగానే సంపాదన రాదు. ముందు ఏపీ బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125కు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పిచ్చింది. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. 100 ప్రశ్నలు, నోట్సు లేని బేర్ యాక్ట్‌లు, అంటే ఉత్త చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు, చూసి రాయవచ్చు. ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర రెండు మూడేళ్లు జూనియర్‌గా ఉండాలి. పల్లెల్లో జూనియర్‌కు నెలకు కనీసం 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, ఆజ్ఞ కాదు. చాలాచోట్ల బస్సు ఛార్జీలే ముడతాయి. ఆ మూడేళ్లు ఇల్లు ఆదుకోవాలి, అది ముందే తెలిసి ఉండాలి. జడ్జి ఉద్యోగానికి నేరుగా రాద్దామంటే కూడా 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. బ్యాంకుల లా ఆఫీసరు, కంపెనీల లీగల్ విభాగం, జీఎస్‌టీ పని, వీటిలో కామర్స్ చదివినవాళ్లకు కాస్త ముందు వరస ఉంటుంది. జిల్లా కోర్టులోనే నిలబడాలనుకుంటే భూముల పంపకాలు, చెక్కులు, హైవే ప్రమాదాల నష్టపరిహారం కేసులకు మన వైపు కొదవ లేదు. నీకు కన్నడం చదవడం వస్తే మర్చిపోకు. పలమనేరు, కుప్పం వైపు కక్షిదారుల్లో కోలారులో పొలాలున్నవాళ్లు ఉంటారు. అటు సత్యవేడు వైపు 1960లో మద్రాసు రాష్ట్రం నుంచి మనకు కలిసిన ఊళ్లలో పాత దస్తావేజులు తమిళంలో ఉంటాయి. పక్క భాష చదవగల ప్లీడరును వెతుక్కుంటూ వస్తారు.

చివరికి ముళబాగిలు భయం. లోకల్ లెక్క అర్హత పరీక్షతో, అంటే నీకు ఇంటర్‌తో, ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలది. నీకు తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, నాలుగూ పలమనేరులోనే. పాత చిత్తూరు జిల్లా ఎస్వీ విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది, కాబట్టి నువ్వు లోకలే. అయితే నాలుగుకు నాలుగే ఉన్నాయి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. అందుకని తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్ జాగ్రత్తగా చూసుకో. నువ్వు జూన్‌లోనే చేరావా, లేక టీసీ ఆలస్యమై సెప్టెంబరులోనో అక్టోబరులోనో చేర్చుకున్నారా? సర్టిఫికెట్‌లో ఏడాది మధ్య తేదీ పడి ఉంటే ఆ నెలల్లో మీ ఇల్లు పలమనేరులోనే ఉన్నట్టు తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకో. హైస్కూలు హెడ్మాస్టరుగారు బదిలీ మీద పోకముందే ఒకసారి పోయి అడుగు, రిజిస్టరు చూసి అరగంటలో రాసిస్తారు.